సాగటక్ గోడ మీద మా డ్రైవ్‌వే ముగ్గు

సాగటక్ ఎందుకు వెళ్ళారని అడిగితే మా నోవై ఊరి తెలుగువాళ్ళు ఎవరైనా మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక తిన్నెల గురించో, దారిలో వచ్చే బ్లూబెర్రీ తోటల గురించో చెబుతారు. నేను మాత్రం దొంగను పట్టుకోవడానికి వెళ్ళాను. తిన్నెలూ, తోటలూ ఎలాగూ దారిలోనే ఉన్నాయి కాబట్టి వాటి సంగతి కూడా రాస్తాను. మీరు ఏ పని మీద వెళ్ళినా రూటూ, పార్కింగ్ కష్టాలూ అవే కదా.

జూలై చివర్లో నా స్నేహితురాలు స్వర్ణ పిల్లలతో సాగటక్ వెళ్ళి, అక్కడి ఒక ఆర్ట్ గ్యాలరీలో తీసిన ఫోటో నాకు పంపింది. "ఏయ్ మాధవీ, ఈ ముగ్గు ఎక్కడో చూసినట్టు లేదూ?" అని రాసి, పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టింది. ఫోటోలో గోడకు వేలాడుతున్న పెద్ద ప్రింటు. పాత రోడ్డు మ్యాపులు, తపాలా బిళ్ళలు, చిరిగిన పేపరు ముక్కలు అతికించి, వాటి మీద తెల్లటి మెలికల ముగ్గు పరిచారు. మధ్యలో చీర కొంగు నడుముకి దోపుకుని వంగి ముగ్గు పెడుతున్న ఒక ఆడమనిషి వీపు. ముఖం లేదు. కింది మూల ఆకుపచ్చ మామిడిపిందెల గుడ్డ ముక్క. నేను ఫోటోను పెద్దది చేసి చూశాను. ఆ ముగ్గు ఉన్నది మా గరాజ్ ముందు కార్లు పెట్టుకునే సిమెంటు డ్రైవ్‌వే మీద. పోయిన చలికాలానికి ముందు చలికాలం మంచుకు పగిలిన సిమెంటు, దాన్ని తారుతో పూడ్చిన నల్లటి వంకర గీత నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. ఆ వీపు మా అత్తగారు సత్యవతి గారిది.

ఆ గుడ్డ ముక్క సంగతి ఇంకా అన్యాయం. పేరంటాల్లో వచ్చే జాకెట్టు ముక్కల్ని కుట్టించుకునేవాళ్ళు తక్కువ, మడత విప్పకుండా ఇంకొకరికి పెట్టేవాళ్ళు ఎక్కువ అని మీకు నేను చెప్పక్కర్లేదు. ఇచ్చినవాళ్ళకే తిరిగి పెడితే మాత్రం పరువు పోతుంది. అందుకని మా అత్తగారు వచ్చిన ప్రతి ముక్కకూ ఓ మూల రంగు దారంతో చిన్న ముడి వేస్తారు. ఎర్ర దారం ఒకరిది, నీలం దారం ఇంకొకరిది. ప్రింటులోని ఆకుపచ్చ గుడ్డ మూల పసుప్పచ్చ ముడి ఉంది. పసుప్పచ్చ అంటే స్వర్ణ పెట్టినది. అంటే మా అల్మరాలోని గుడ్డ మా ఇల్లు దాటి, రాష్ట్రం ఆ చివరనున్న గ్యాలరీ గోడెక్కింది. స్వర్ణ నవ్వు బొమ్మ ఎందుకు పెట్టిందో కూడా నాకు అనుమానం వచ్చింది. తను పెట్టిన ముక్కను తను గుర్తుపట్టిందా?

నాది టెస్టింగ్ ఉద్యోగం. కార్లలో డ్రైవరు ముందుండే తెరల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తాను. అన్నీ బాగానే ఉన్నాయని ఎవరైనా అంటే నాకు ఆ రోజు అన్నం సయించదు. అందుకని వెంటనే అనుమానితుల లెక్క తీశాను. రోజూ పొద్దున్నే గోధుమరంగు కుక్కతో మా ఇంటి ముందు నుంచి నడిచే ఒక పెద్దాయన ఉన్నాడు. సరిగ్గా మా డ్రైవ్‌వే దగ్గరికి రాగానే ఆగుతాడు. ఎందుకు ఆగుతాడు? అతని మీద నాకు ఎప్పట్నుంచో కన్నుంది. ఇక జాకెట్టు ముక్క విషయానికొస్తే, గరాజ్ తలుపు తెరిచి ఉన్నప్పుడు ఎవరైనా లోపలికి వచ్చారేమో. అలా అనుకున్నాక నాకు రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు.

ఫోటో అత్తగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఏమోనమ్మా" అని ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయారు. పాపం, మనసు కష్టపెట్టుకున్నారనుకున్నాను. ఆ రోజే ఇంట్లో గట్టిగా చెప్పేశాను, ఇది ఎవరి పనో తేలేదాకా బయట ముగ్గు వద్దు అని. తణుకు నుంచి వచ్చిన ప్రతి వేసవీ ఆవిడ తెల్లారకుండానే లేచి, బియ్యప్పిండిలో సుద్దపొడి కలుపుకుని ముగ్గు పెట్టడం అలవాటు. ఇక్కడ ఆవిడకు తనదంటూ ఉన్న పని అదొక్కటే. నేను వద్దన్న మర్నాటి నుంచి ఆవిడ మామూలు వేళకే లేచి, గరాజ్ తలుపు తెరిచి, ఖాళీ సిమెంటు వైపు కాసేపు చూసి లోపలికి వచ్చేసేవారు. అది చూస్తే నాకు దొంగ మీద మరింత కోపం వచ్చేది.

"ఒక ఈమెయిల్ పెడితే పోయేదానికి మూడు గంటల డ్రైవ్ ఎందుకు?" అన్నాడు మా ఆయన కిషోర్. వస్తున్నామని దొంగకు ముందే కబురు పెడతారా ఎవరైనా? ఈమెయిల్ చూసి ప్రింటు గోడ మీంచి దింపేస్తే సాక్ష్యం ఎక్కడుంటుంది? కిషోర్‌కి ఆ శనివారం ఆఫీసు ఆన్‌కాల్ డ్యూటీ ఉంది, మామయ్యగారికి టీవీలో క్రికెట్ మ్యాచ్ ఉంది. నేనొక్కదాన్నే వెళ్ళొస్తానంటే, అత్తగారు "నేనూ వస్తాను" అన్నారు. ఎప్పుడూ కారు ప్రయాణమంటే నడుం నొప్పనే మనిషి అడక్కుండానే బయలుదేరడం కాస్త వింతగానే అనిపించింది.

పొద్దున ఏడింటికి బయలుదేరాం. నోవై నుంచి ఐ-96 హైవే పట్టుకుని పడమరకు, లాన్సింగ్ మీదుగా గ్రాండ్ రాపిడ్స్ దాకా వెళ్ళాలి. అక్కడ ఐ-196 తీసుకుని దక్షిణంగా హాలండ్ దాటితే సాగటక్. మధ్యలో ఆగకపోతే రెండు గంటల ముప్పావు, పెద్దవాళ్ళు ఉంటే మూడున్నర వేసుకోండి. టోల్ ఎక్కడా లేదు. పెట్రోలు ఇంటి దగ్గరే నింపుకోండి, సరస్సు దగ్గర పడేకొద్దీ రేటు పెరుగుతుంది. లాన్సింగ్ దాటాక వచ్చే రెస్ట్ ఏరియాలో బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి. అక్కడే బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కులోని కాఫీ తాగాం. అత్తగారి ఒళ్ళో ఇండియన్ స్టోర్ వాళ్ళ గుడ్డసంచీ ఒకటి ఉంది. పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా వెనక సీట్లో ఉన్నాయి. మరి ఇదేమిటి?

"ఆ సంచీలో ఏముంది అత్తయ్యా?"

"ఏదో ఉందిలే. నువ్వు కాఫీ తాగు."

"వెనక పెట్టేయనా?"

"వద్దమ్మా. నా ఒళ్ళోనే ఉండనీ."

దారంతా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. నేను మాత్రం గ్యాలరీలో ఏమేం అడగాలో పైకి చెప్పుకుంటూ నడిపాను. కాపీరైట్ అన్నాను, ప్రైవసీ అన్నాను, లాయరు అన్నాను. లాయరు అనగానే ఆవిడ నావైపు తిరిగి, "లాయరు దాకా ఎందుకే? ముందు ఆవిడెవరో చూద్దాం" అన్నారు. ఆర్టిస్టు ఆడమనిషి అని నేను చెప్పినట్టు నాకు గుర్తులేదు. ఏదో మాటవరసకు అని ఉంటారులే అనుకుని వదిలేశాను. ఆఫీసులో ఇలాంటి చిన్న తేడా కనిపిస్తే నేను వదిలే మనిషిని కాదు.

హాలండ్ దాటాక హైవే దిగి పది నిమిషాలు లోపలికి వెళితే బ్లూబెర్రీ తోటలు వస్తాయి. ఆగస్టు మొదటి వారాల్లో వెళితే మనమే కోసుకోవచ్చు. ఒక తోటలో ఆగాం. షెడ్డు దగ్గరున్న పెద్దావిడ మా నడుములకు చిన్న బకెట్లు కట్టి, "కోస్తూ ఎన్ని కావాలంటే అన్ని తినండి, తిన్నవాటికి డబ్బు లేదు" అంది. ఎందుకు లేదు? నాకు నమ్మకం కుదరక ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు. తూకం వేసేటప్పుడు బకెట్ బరువు తీసేశారో లేదో కూడా రెండుసార్లు అడిగాను. ఆవిడ నవ్వి, ఖాళీ బకెట్టును తూకం మీద పెట్టి చూపించింది. అత్తగారు ఈలోగా నీలం పెదాలతో, "తియ్యగా ఉన్నాయే, నువ్వు తినలేదా?" అంటూ వచ్చారు. చేతులు తుడుచుకోవడానికి తడి కాగితాలు వెంట ఉంచుకోండి, ఆ నీలం రంగు సీట్లకు అంటితే వదలదు.

సాగటక్ చేరేసరికి పదకొండున్నర. ఊరు చిన్నది, కలమజూ నది ఒడ్డున నాలుగు వీధులు, ఏ వీధిలో చూసినా గ్యాలరీలూ, ఐస్‌క్రీమ్ షాపులే. వేసవి శనివారం మెయిన్ వీధిలో పార్కింగ్ దొరకడం కల. మూడు చుట్లు తిరిగి, చర్చి వెనకాల ఎత్తులో ఉన్న వీధిలో పెట్టి నడిచాం. నది పక్క పార్కులో పులిహోర తిన్నాం. తర్వాత గ్యాలరీ ముందున్న బెంచీ మీద అత్తగారిని కూర్చోబెట్టాను.

"మీరిక్కడే ఉండండి. ముందు నేను వెళ్ళి మాట్లాడతాను. నేను పిలిచేదాకా రాకండి."

"ఆవిడ మీద అరవకు."

"నేనెందుకు అరుస్తాను?"

"మొన్న కేబుల్ అతని మీద అరవలేదూ?"

లోపల చల్లగా ఉంది, చెక్క నేల చప్పుడు చేస్తోంది. మా ముగ్గు కుడిపక్క గోడ మీద ఉంది. దగ్గర్నుంచి చూస్తే ఫోనులో కనిపించనివి చాలా కనిపించాయి. ఒక పక్క ముగ్గును అద్దంలో చూసినట్టు తిప్పి రెండో పక్క అతికించారు. తపాలా బిళ్ళల అంచులకు బంగారు రేకు అద్దారు. అత్తగారి కొంగు మడత, నడుం దగ్గర నలిగిన చీర, మడమల పగుళ్ళతో సహా అన్నీ చూసేవాళ్ళ కళ్ళ ఎత్తులో ఉన్నాయి. ఇద్దరు ముసలి దంపతులు దాని ముందు నిలబడి తల పక్కకు వంచి చూస్తున్నారు. నా ఒళ్ళు మండిపోయింది. ఆవిడ వీపును ఇలా ముక్కూమొహం తెలియనివాళ్ళు నిలబడి చూడటం నాకు ఏమాత్రం నచ్చలేదు.

కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నేను కొనడానికి వచ్చాననుకుని హుషారుగా చెప్పడం మొదలుపెట్టింది. ఆర్టిస్టు ముందు కాగితాలూ, ఫోటోలూ, గుడ్డలూ చేత్తో అతికించి కొల్లాజ్ చేస్తుందట. దాన్ని స్కాన్ చేసి మందపాటి కాగితం మీద కొన్ని ప్రింట్లు తీస్తుందట. తర్వాత ఒక్కో ప్రింటు మీద తెల్ల పెయింటు పెన్నుతో, బంగారు రేకుతో, గుడ్డ ముక్కలతో మళ్ళీ చేత్తో పనిచేస్తుంది కాబట్టి ఏ రెండూ ఒకలా ఉండవట.

"మరి ఈ ఫోటో ఎక్కడిది?" అన్నాను.

"ఆవిడ సేకరించుకున్నదే. అప్రోప్రియేషన్ ఆవిడ పద్ధతిలో భాగం" అందా అమ్మాయి. అంటే ఏమిటో కూడా ఓపిగ్గా వివరించింది. ఎక్కడో ఉన్న బొమ్మను, వస్తువును తీసుకొచ్చి వేరే చోట పెడితే దానికి కొత్త అర్థం వస్తుందట. ఆర్టిస్టులు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నదేనట.

"మా వైపు దీన్ని వేరే పేరుతో పిలుస్తారు" అన్నాను. "ఆర్టిస్టు ఎక్కడ?"

ఆ అమ్మాయి ముఖంలో హుషారు తగ్గింది. శనివారాలు ఆర్టిస్టు వెనక గదిలోనే ప్రింట్ల మీద పనిచేస్తుందని చెప్పి లోపలికి వెళ్ళింది. వచ్చినావిడకు అరవై దాటి ఉంటాయి. పేరు లారా. కాన్వాస్ ఏప్రన్, వేళ్ళ నిండా తెల్ల రంగు, చూస్తే చాలా మర్యాదస్తురాలిలా ఉంది. అలా కనిపించేవాళ్ళ మీదే నాకు ఇంకాస్త అనుమానం. ఫోనులో మా డ్రైవ్‌వే ఫోటో తీసి, తారు గీతను ప్రింటులోని గీత పక్కన పెట్టి చూపించాను.

"ఇది మా ఇల్లు. ఈమె మా అత్తగారు. ఎవరు తీశారు ఈ ఫోటో?"

"నేనే తీశాను" అంది లారా, ఏమాత్రం తడబడకుండా. "మా అక్క నోవైలో ఉంటుంది. పోయిన ఏడాది వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పొద్దున నడుస్తూ చూశాను. ఆవిడను అడిగాను కూడా."

"ఆవిడకి ఇంగ్లీష్ రాదు."

"రాదు. మాకు దాని అవసరం పడలేదు."

నాకు నవ్వూ కోపం రెండూ వచ్చాయి. చేతికి చిక్కినవాళ్ళందరూ చెప్పే మాటే కదా ఇది. "సరే, మరి ఈ గుడ్డ? ఇది మా అల్మరాలోది. ఇది మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"అది నాకు బహుమతిగా ఇచ్చారు."

"మా ఇంట్లో గుడ్డ మీకు ఎవరిస్తారండీ?" నా గొంతు పెరిగింది. ముసలి దంపతులు మెల్లగా పక్క గదిలోకి జరిగారు. సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగింది. నేను పిలవకుండానే అత్తగారు గుడ్డసంచీతో లోపలికి వచ్చారు. లారా ఆవిడను చూడగానే రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. తర్వాత వచ్చీరాని పలుకుతో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, "పుచ్‌కుంటి-నమ్మ వాయనం!" అంది.

ఆ గ్యాలరీలో నేను ఊహించిన మాటల్లో అది లేదు. వరలక్ష్మీ వ్రతం నాడు ముత్తైదువకు శనగలూ, అరటిపండూ, జాకెట్టు ముక్కా ఇస్తూ "ఇస్తినమ్మ వాయనం" అంటే, తీసుకునేవాళ్ళు అనే మాట అది. ఒక అమెరికన్ ఆవిడకు అది ఎవరు నేర్పుతారు? నేను అత్తగారి వైపు తిరిగాను. ఆవిడ నా వైపు చూడకుండా, లారా చేయి పట్టుకుని, "బావున్నావా అమ్మా?" అని తెలుగులోనే అడుగుతున్నారు.

"అత్తయ్యా, మీకు ఈవిడ తెలుసా?"

"తెలుసే. పోయిన ఏడాది శ్రావణ శుక్రవారం వచ్చింది కదా." ఆవిడ కౌంటర్ పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు. "నువ్వు ఆఫీస్‌కి వెళ్ళావు. మీ ఫ్రెండ్స్ అందరూ శనివారం సాయంత్రం వస్తామన్నారాయె. పూజ శుక్రవారం చేసుకుని వాయనం శనివారం ఇస్తారా ఎక్కడైనా? ఒక్క ముత్తైదువకైనా ఇవ్వకుండా ఎలా తినేది? పన్నెండయింది, ఒంటిగంటయింది. కళ్ళు తిరుగుతున్నాయి. అప్పటికి ఈవిడ ముగ్గు దగ్గర నిలబడి చూస్తోంది. పొద్దున నేను వేసేటప్పుడు కూడా వచ్చి ఫోను చూపించి ఏదో అడిగింది, తల ఊపాను. మళ్ళీ వచ్చింది కదాని లోపలికి పిలిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, వాయనం ఇచ్చేశాను. ఆ మాట కూడా అనిపించాను. బానే అంది."

"ముత్తైదువో కాదో మీకెలా తెలుసు?"

"వేలికి ఉంగరం చూశాను. ఇక్కడ దాన్నే కదా చూసేది?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనమ్మా? నేను వచ్చేదాకా ఎవరికీ తలుపు తియ్యొద్దన్నావు. తీశాను. కాళ్ళకు పసుపు కూడా రాశాను. ఇంకేం చెప్పను?"

కౌంటర్ అమ్మాయి, లారా ఇద్దరూ నా ముఖం వైపే చూస్తున్నారు. నేను అంతా ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది, తలుపు తియ్యొద్దన్న ముక్క తప్ప. నాకు సిగ్గేసింది. కానీ సిగ్గు వేసినంత మాత్రాన అనుమానం పోదు కదా. ఫోటోకు తల ఊపారు సరే, అమ్ముకోమని ఊపారా? అదే లారాను అడిగాను. ఆవిడ వేళ్ళకున్న తెల్ల రంగును ఏప్రన్‌కు తుడుచుకుంది. "ముఖం కనిపించడం లేదు కాబట్టి మళ్ళీ అడగక్కర్లేదనుకున్నాను" అంది చివరికి. అది అత్తగారికి తెలుగులో చెప్పాను.

"ముఖం లేకపోతే మనిషి కాదా?" అన్నారు ఆవిడ, మెత్తగానే. "ముగ్గు తీసుకుంటే తీసుకోమను. వీపు వద్దను. వంగుని ఉన్నప్పుడు తీసి గోడకు పెడితే ఎవరికి బావుంటుంది?"

అది ఇంగ్లీషులో చెప్పేసరికి లారా ముఖం ఎర్రబడింది. క్షమించమంది. ఇక నా వంతు అనుకుని, ముగ్గు మాత్రం ఎందుకు తీసుకోవాలి, అది మా అత్తగారి డిజైన్ అని మొదలుపెట్టాను. అత్తగారు నా మోచేయి లాగారు.

"అది నాదని ఎవరన్నారు? మా ఎదురింటి సూరమ్మగారి వాకిట్లో చూసి వేసుకున్నా. ఆవిడ ఎవరి వాకిట్లో చూసిందో."

"ఆవిడను అడిగారా మీరు?"

"ముగ్గుకి అడగడమేంటే! చూస్తాం, వేసుకుంటాం." అంటూనే లేచి ప్రింటు దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సర్దుకున్నారు. నడిమధ్యన, రెండు సగాలూ అతికిన చోట వేలు చూపించారు. "కానీ ఇది చూడు. తెగిపోయింది. తెచ్చుకున్నాక కలపాలా వద్దా? తెగిన ముగ్గు వాకిట్లో ఉంచుతారా ఎవరైనా?"

అప్పుడు చూశాను. సగం ముగ్గును తిప్పి, కాస్త కిందికి జరిపి అతికించడంతో మధ్యలో గీతలు ఒకదానికొకటి అందలేదు. రెండు కొసలు గాల్లో ఆగిపోయాయి, వాటి మధ్య ఒక చుక్క ఏ మెలికా చుట్టకుండా మిగిలిపోయింది. మెలికల ముగ్గులో గీత బయలుదేరిన చోటికి తిరిగి రావాలి, ఒక్క చుక్క కూడా విడిగా ఉండకూడదు. పది రోజులుగా ఆ ఫోటోను పెద్దది చేసి చూస్తూ దొంగను వెతికాను గాని, ముగ్గు తెగిందని నేను గమనించలేదు. టెస్టర్‌ని!

ఈ సంగతి నేను ఇంగ్లీషులో చెప్పగానే లారా లోపలికి పరుగెత్తి తెల్ల పెయింటు పెన్ను తెచ్చి, గోడ మీంచి ప్రింటు దింపి బల్ల మీద పెట్టి, ఫ్రేము విప్పేసింది. కౌంటర్ అమ్మాయి "ఓ మై గాడ్" అని నోటి మీద చేయి పెట్టుకుంది. అత్తగారు పెన్ను కొనను వేలి మీద ఒకసారి గీసి చూసుకున్నారు. తర్వాత ఒక కొసను పట్టుకుని, ఆ ఒంటరి చుక్కను చుట్టి, రెండో కొసకు కలిపారు. అయిదు సెకన్ల పని. "ఇప్పుడు సరే" అని పెన్ను మూత పెట్టబోయారు. లారా డ్రాయర్ లాగింది. అందులో అలాంటి ప్రింట్లు ఇంకో నాలుగో అయిదో ఉన్నాయి. అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుని అన్నిటి గీతలూ కలిపారు. పక్కనే నిలబడి నేను అనుకుంటూనే ఉన్నాను, ఈవిడ మా అత్తగారితో ఉచితంగా పని చేయించుకుంటోందా అని. పైకి కూడా అన్నాను. "నువ్వు ఊరుకో" అన్నారు అత్తగారు తల ఎత్తకుండా.

వీపు సంగతి కూడా ఆవిడే తేల్చారు. "ఆ జాకెట్టు ముక్క మిగిలి ఉంటే పైన కప్పమను" అన్నారు. లారా దగ్గర మిగిలే ఉంది, శుభ్రంగా మడతపెట్టి కాగితంలో చుట్టి దాచింది. వంగిన మనిషి ఆకారానికి సరిగ్గా కత్తిరించి, బ్రష్‌తో జిగురు రాసి అతికించింది. ఇప్పుడు ముగ్గు మధ్యలో ఆకుపచ్చ మామిడిపిందెల మనిషి ఒకరు వంగుని ఉన్నారు. ఎవరో ఎవరికీ తెలియదు, మాకు తప్ప. మిగతా ప్రింట్ల మీద కూడా అలాగే కప్పి గాని అమ్మనని మాటిచ్చింది. మాట ఇవ్వడం సులువే అని నేను మనసులో అనుకున్నాను.

అప్పుడు తెరుచుకుంది గుడ్డసంచీ. నానబెట్టిన శనగలు, రెండు అరటిపండ్లు, తమలపాకులు, పసుపూ కుంకుమ పొట్లాలు, కొత్త జాకెట్టు ముక్క. ఫోటో చూసిన రోజే ఎవరో గుర్తుపట్టి, శ్రావణమాసంలో ఒట్టి చేతులతో ఎలా వెళ్ళడమని తెచ్చుకున్నారన్నమాట. "ఇస్తినమ్మ వాయనం" అన్నారు. లారా ఈసారి తడుముకోకుండా తన మాట చెప్పింది. తర్వాత బల్ల మీద ఆరుతున్న ప్రింటును పల్చటి కాగితంలో చుట్టి అత్తగారి ముందు పెట్టింది. నేను వద్దనబోయాను. తీసుకుంటే ఇక ఏమీ అడగడానికి ఉండదేమో, ఆవిడ ఎత్తు అదేనేమో అనిపించింది. అత్తగారు మాత్రం చేతులు చాపి, ఆగారు. తల అడ్డంగా ఊపారు.

"ఊరికే పెడితే కాదు. ముందు నువ్వు అనాలి. ఇస్తినమ్మ వాయనం."

లారాకు పుచ్చుకునే మాటే వచ్చు. ఇచ్చే మాట ఆవిడకు ఎవరూ నేర్పలేదు. అత్తగారు మూడుసార్లు పలికించి, సరిగ్గా వచ్చాకే ప్రింటు అందుకున్నారు.

సాయంత్రం నది దాటాం, ఇసుక తిన్నెలు అవతలి ఒడ్డునే ఉన్నాయి. సాగటక్ వెళితే గొలుసు పడవ ఎక్కకుండా రాకండి. నదికి అడ్డంగా నీళ్ళ కింద గొలుసు ఉంటుంది. పడవ మీద మనిషి చేత్తో చక్రం తిప్పితే పడవ దాని వెంట పాకుతుంది. మనిషికి కొద్ది డాలర్లే, నోట్లు దగ్గర ఉంచుకోండి. వేసవి అయిపోతే నడపరు కాబట్టి సెప్టెంబరు తర్వాత వెళ్ళేవాళ్ళు ముందే కనుక్కోండి. పడవ నడిపే కుర్రాడు అత్తగారిని చూసి, "తిప్పుతారా?" అన్నాడు. నేను తెలుగులో చెప్పేలోపే ఆవిడ కొంగు దోపుకుని చక్రం పట్టుకున్నారు. వెనకనుంచి ఫోను ఎత్తాను. ఎత్తి, మళ్ళీ దించాను.

"అత్తయ్యా, ఫోటో తీయనా?"

"ఆగు" అన్నారు. చక్రం వదిలి, ఇటు తిరిగి, కొంగు భుజం మీద సర్దుకుని నిలబడ్డారు. పడవ నది మధ్యలో ఆగిపోయింది.

ఆదివారం పొద్దున మా డ్రైవ్‌వే మీద ముగ్గు పడింది. నేను కాఫీ పట్టుకుని గరాజ్ దగ్గర నిలబడ్డాను. కుక్కాయన వచ్చాడు, ఎప్పటిలాగే ఆగాడు. కుక్కను దగ్గరికి లాక్కుని, ముగ్గు అంచు తొక్కకుండా గడ్డి మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఆయన ఆగింది అందుకే కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను. ఆ గ్యాలరీ వెబ్‌సైటు ఇప్పటికీ అప్పుడప్పుడూ తెరిచి, ఆకుపచ్చ గుడ్డ సరిగా కప్పి ఉందో లేదో చూస్తూనే ఉన్నాను. ఇంతవరకూ కప్పే ఉంది. ఇచ్చిందేదో, తీసుకున్నదేదో నాకు ఇంకా పూర్తిగా తేలలేదు. ఆ పది రోజులూ నేను దొంగ కోసం అల్మరా వెతికాను, గరాజ్ వెతికాను, స్వర్ణను గుచ్చి గుచ్చి అడిగాను, దారిన పోయే కుక్కను కూడా అనుమానించాను. వంటింట్లో కూరలు తరుగుతున్న మనిషి దగ్గరికి వెళ్ళి "మీకేమైనా తెలుసా అత్తయ్యా?" అని మాత్రం అడగలేదు. నేను అడిగి ఉంటే ఆవిడ చెప్పేవారో లేదో కూడా చెప్పలేను. ఇంట్లో నేను ఏదడిగినా నిలదీసినట్టే ఉండేలా తయారు చేసుకున్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. సాగటక్‌కి పొద్దున పదింటికి ముందే చేరితే పార్కింగ్ నది పక్కనే దొరుకుతుంది, చర్చి వెనక ఎత్తు ఎక్కక్కర్లేదు. కానీ అంత దూరం దేని గురించైనా ఆరా తీయడానికి వెళుతుంటే మాత్రం, కారు స్టార్ట్ చేసే ముందు పక్క సీట్లో సంచీ పట్టుకుని కూర్చున్న మనిషిని ఒక్క మాట అడిగి చూడండి.